మారుతి 800 వెనక బ్రేకులు: కేబుల్ బిగించే ముందు ర్యాచెట్ సంగతి చూడండి

మీరు రాసినదాన్ని బట్టి సంగతి ఇదీ. నాన్నగారి 1993 మోడల్ మారుతి 800. బండి కావలిలో ఉంటుంది, అప్పుడప్పుడూ అల్లూరు వైపు రొయ్యల గుంటల మీదికి పోయొస్తుంది. వెనక చక్రాలకి కొత్త బ్రేక్ షూలు (చక్రంతో తిరిగే డ్రమ్‌ని లోపలి నుంచి ఒత్తి ఆపే వంపు ముక్కలు) వేయించారు. ఆ రోజు నుంచీ బ్రేక్ పెడల్ మొదటి తొక్కుకి కిందిదాకా పోతోంది, వెంటనే రెండోసారి తొక్కితే పైనే పట్టుకుంటోంది. మెకానిక్ హ్యాండ్ బ్రేక్ కేబుల్ బిగించి పంపాడు. కొన్నాళ్ళు బాగానే నడిచింది. ఇప్పుడు ఎడమ వెనక చక్రం చెయ్యి పెట్టలేనంత కాలుతోంది, కుడి పక్కది అసలు పట్టడం లేదు. ఒకరేమో మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కినప్పుడు బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకి నెట్టేది) మార్చమన్నారు. ఇంకొకరు ఆ ఆటో అడ్జస్టర్ (షూలు అరిగేకొద్దీ తనంతట తాను సర్దేది) దండగ, వెల్డింగ్ పెట్టి కదలకుండా చేసేద్దామన్నారు.

రెండూ చేయించకండి. ముందు ఆ బిగించిన కేబుల్‌ని పూర్తిగా వదులు చేయండి. మీ కష్టం సగం అక్కడే మొదలైంది. నెల్లూరులో నా షెడ్డుకి వచ్చే పాత 800ల్లో వెనక బ్రేకుల గొడవ అంటే చాలావరకు ఇదే కథ: షూలు కొత్తవి, కేబుల్ బిర్రుగా ఉంటుంది, ర్యాచెట్ (ఆ అడ్జస్టర్‌లో ఒక దిక్కుకే జరిగే పళ్ళ ముక్క) మాత్రం తుప్పుపట్టి పడుకుని ఉంటుంది.

ఎందుకిలా అవుతుందో తెలియాలంటే డ్రమ్ లోపల ఏముందో చూడాలి. పైన షూలని బయటికి నెట్టే వీల్ సిలిండర్, కింద షూలు ఆనుకునే యాంకర్, మధ్యలో రెండు షూలు. వెనక వైపు షూకి హ్యాండ్ బ్రేక్ లివర్ ఒకటి పిన్నుతో తగిలించి ఉంటుంది. ఆ లివర్‌కీ ముందు షూకీ మధ్య అడ్డంగా స్ట్రట్ అనే కడ్డీ ఒకటి ఉంటుంది. హ్యాండ్ బ్రేక్ లాగితే లివర్ ఈ స్ట్రట్‌ని నెడుతుంది, రెండు షూలూ విచ్చుకుంటాయి. అదే స్ట్రట్ ఇంకో పని కూడా చేస్తుంది. బ్రేక్ వదిలినప్పుడు షూలు ఎంత దూరం వెనక్కి పోవాలో నిర్ణయించేది దాని పొడవే. ఆ పొడవు మారడానికే దానిమీద సన్నటి పళ్ళున్న ర్యాచెట్, ఒక రాడ్డు, చిన్న స్ప్రింగు పెట్టారు. ఆటో అడ్జస్టర్ అంటే ఇదే.

మీరు పెడల్ తొక్కినప్పుడు షూలు స్ట్రట్‌ని వదిలి బయటికి పోతాయి. షూ మీది లైనింగ్ (డ్రమ్‌కి రాసుకునే పొర) అరిగేకొద్దీ ఆ ప్రయాణం పెరుగుతుంది. ఒక హద్దు దాటగానే స్ప్రింగు ర్యాచెట్‌ని ఒక పన్ను ముందుకి లాగుతుంది, స్ట్రట్ ఆమేరకు పొడవవుతుంది. ఇక షూలు పాత చోటుదాకా వెనక్కి రాలేవు, డ్రమ్‌కి దగ్గరగానే ఆగిపోతాయి. పెడల్ ఎత్తు ఎప్పుడూ ఒకేలా ఉండేది ఇందువల్లే.

ఇప్పుడు కేబుల్ బిగించేస్తే ఏమవుతుందో చూడండి. హ్యాండ్ బ్రేక్ దించినా లివర్ తన స్థానానికి రాదు. కేబుల్ దాన్ని ఎప్పుడూ కొంత లాగిపట్టే ఉంచుతుంది, లివర్ స్ట్రట్‌ని నెడుతూనే ఉంటుంది. పెడల్ తొక్కినప్పుడు షూలు కదిలితే స్ట్రట్ కూడా వాటి వెంటే పోతుంది. మధ్యలో ఖాళీయే ఏర్పడదు. ఖాళీ లేకపోతే ర్యాచెట్‌కి పన్ను మార్చాల్సిన అవసరం కనిపించదు. అంటే చెడిపోయిన అడ్జస్టర్‌కి కేబుల్ మందు కాదు, బాగున్న అడ్జస్టర్‌ని కూడా అది పనిచేయనివ్వదు. కేబుల్ షూలని బయటికి పట్టి ఉంచింది కాబట్టి కొన్నాళ్ళు పెడల్ పైకొచ్చినట్టు అనిపించింది. తర్వాత కుడి పక్క లైనింగ్ కొంత అరిగింది, అక్కడ మళ్ళీ మొదటికొచ్చింది. ఎడమ పక్క షూలు రాసుకుంటూ తిరుగుతున్నాయి, అందుకే ఆ కాలడం.

మాస్టర్ సిలిండర్ మీద అనుమానం సంగతి విప్పకుండానే తేల్చుకోవచ్చు. బండి ఆపి ఉన్నప్పుడు పెడల్‌ని ఒక్కసారి తొక్కి అలాగే బలంగా పట్టుకోండి. పాదం కింద అది మెల్లగా దిగిపోతుంటే మాస్టర్ సిలిండర్ లోపల రబ్బర్లు వదిలేశాయనో, బయట ఎక్కడో ఆయిల్ కారుతోందనో అర్థం. దిగకుండా మెత్తగా, స్పాంజిలా ఉంటే బ్రేక్ గొట్టాల్లో గాలి చేరింది. మొదటి తొక్కుకి కిందికి పోయి, రెండోదానికి పైకొచ్చి, పట్టుకుంటే రాయిలా నిలబడితే అది షూలకీ డ్రమ్‌కీ మధ్య ఖాళీ. మీరు చెప్పిన లక్షణం మూడోది. ఇంకా గట్టిగా తెలుసుకోవాలంటే, కేబుల్ వదులు చేశాక చదునైన చోట బండి నిలిపి హ్యాండ్ బ్రేక్ కొంచెం లాగి పెడల్ తొక్కండి. లాగనప్పటికంటే పెడల్ పైన పట్టుకుంటే ఖాళీ వెనక డ్రముల్లోనే ఉన్నట్టు. ముందు డిస్కుల్లో ప్యాడ్లు అరిగినా పెడల్ ఇంతగా దిగదు, పిస్టన్ తనంతట తాను ముందుకి జరిగి సర్దుకుంటుంది. అందుకే 800లో పెడల్ కిందికి పోతుంటే నేను మొదట వెనక్కే పోతాను.

ఎడమ చక్రం విషయంలో ఒక పరీక్ష బండి వేడిగా, చక్రం బిగుసుకుని ఉన్నప్పుడే చేయాలి. చక్రం ఎత్తి, వీల్ సిలిండర్ వెనక ఉన్న బ్లీడింగ్ నిపుల్ (లైనులో గాలి తీయడానికి తెరిచే చిన్న మర) కాస్త వదులు చేయండి. కొంచెం ఆయిల్ చిమ్మి చక్రం వెంటనే తేలిగ్గా తిరిగితే, పెడల్ వదిలాక కూడా లైనులో ఒత్తిడి నిలిచిపోతోందన్నమాట. అప్పుడు దోషం రబ్బరు హోస్‌లో. పాత హోసులు బయటికి బాగానే కనిపిస్తాయి, లోపల ఉబ్బి ఆయిల్‌ని పోనిస్తాయి గానీ వెనక్కి రానివ్వవు. ముందు చక్రాలు కూడా బిగుస్తుంటే పెడల్ పుష్ రాడ్‌కి ఫ్రీ ప్లే (కాస్త ఖాళీ కదలిక) ఉందో లేదో చూడాలి. నిపుల్ తెరిచినా చక్రం కదలకపోతే దోషం కేబుల్‌దో, షూలదో. మీ బండి తిరిగే చోటుని బట్టి నా అనుమానం ఎడమ కేబుల్ మీద. ఉప్పునీటి గుంటల గట్లమీద తిరిగే బండికి కేబుల్ పైతొడుగు ఎక్కడో చిట్లుతుంది, లోపలికి నీళ్ళు పోతాయి, తుప్పు ఉబ్బి తీగ వెనక్కి జారదు. అలాంటి కేబుల్‌లో నూనె పోస్తే నెలో రెండు నెలలో పనిచేస్తుంది. కొత్తది వేయడమే మేలు.

ఇక విప్పడం. నేల గట్టిగా, చదునుగా ఉండాలి. హ్యాండ్ బ్రేక్ దించి పనిచేస్తాం కాబట్టి ముందు చక్రాలకి రెండు వైపులా రాళ్ళు పెట్టండి. జాకీ మీద బండిని నమ్మకండి, స్టాండు పెట్టాకే చెయ్యి లోపల పెట్టండి. ఒకేసారి రెండు పక్కలా విప్పకండి. ఒక పక్క పని పూర్తయ్యేదాకా రెండోది అలాగే ఉంటే ఏ స్ప్రింగు ఏ బొక్కలో ఉండేదో అటుపోయి చూసుకోవచ్చు. అయితే ఎడమ పక్కది కుడికి అద్దంలో బొమ్మలాగా తిరగబడి ఉంటుందని గుర్తుపెట్టుకోండి. ఫోన్లో ఫోటోలు ఎలాగూ తీస్తారు.

800లో వెనక డ్రమ్ లోపలే బేరింగులు ఉంటాయి. నాలుగు వీల్ నట్లు తీయగానే డ్రమ్ ఊడి రాదు. మధ్యలో డస్ట్ క్యాప్ తీసి, కాటర్ పిన్ (నట్టు తిరగకుండా అడ్డంగా దూర్చిన పిన్ను) లాగి, నట్టు విప్పి, పుల్లర్‌తో లాగాలి. కొన్నిట్లో కాటర్ పిన్‌కి బదులు అంచు నొక్కి పెట్టిన నట్టు ఉంటుంది. దాన్ని సరిచేసి విప్పాలి, తిరిగి వేసేటప్పుడు కొత్తది వేయాలి. డ్రమ్ అంచుమీద సుత్తితో కొడితే పోతపోసిన ఇనుము పగులుతుంది, బేరింగు కూడా పాడవుతుంది. షూలు డ్రమ్‌ని పట్టుకుని రానివ్వకపోతే బ్యాక్ ప్లేట్ (షూలు బిగించి ఉండే వెనక రేకు) వెనక చిన్న రబ్బరు బిరడా ఉంటుంది. అది తీసి స్క్రూడ్రైవర్ లోపలికి పోనిస్తే షూని పట్టి ఉంచే హోల్డ్ డౌన్ స్ప్రింగు తగులుతుంది. దాన్ని నెడితే హ్యాండ్ బ్రేక్ లివర్ ఆ స్ప్రింగు నుంచి తప్పుకుని ఇంకాస్త వెనక్కి పోతుంది, షూలు లోపలికి ముడుచుకుంటాయి. ఈ బిరడా సంగతి తెలియక డ్రములు పగలగొట్టినవాళ్ళు ఉన్నారు. పని అయ్యాక బిరడా మళ్ళీ పెట్టడం మరవకండి. అది లేని బండ్లలో గుంటల గట్టు మీది బురదంతా డ్రమ్‌లోనే ఉంటుంది.

డ్రమ్ తీయగానే కంప్రెసర్ గాలి కొట్టకండి. షెడ్లలో అందరూ చేసే పనే, అయినా వద్దు. పాతకాలం లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. మీ బండిలో ఎప్పుడు ఏ షూలు పడ్డాయో ఎవరికి తెలుసు? నీళ్ళు చల్లి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని కవర్లో కట్టి పారేయండి. ముక్కుకి మాస్కు ఉండాలి.

లోపల తడి కనిపిస్తే అదేమిటో తేల్చుకోండి. ఫియట్, అంబాసిడర్, ఓమ్నీ లాంటి వెనక చక్రాలతో నడిచే బండ్లలో యాక్సిల్ సీలు పోయి గేర్ ఆయిల్ డ్రమ్‌లోకి వస్తుంది. 800 ముందు చక్రాలతో నడిచే బండి, వెనక గేర్ ఆయిలే లేదు. కాబట్టి తడి ఉంటే బ్రేక్ ఆయిలో, బేరింగు గ్రీజో. వీల్ సిలిండర్ రెండు చివర్లా ఉన్న రబ్బరు తొడుగుని గోటితో ఎత్తి చూడండి. లోపల చెమ్మ ఉన్నా రబ్బర్ కిట్ మార్చాలి. సిలిండర్ గోడకి గుంటలు పడి ఉంటే కిట్ వేసి లాభం లేదు, సిలిండరే మార్చాలి. నెల్లూరు, ప్రకాశం తీరంలో తిరిగే బండ్లలో ఆ గుంటలు సాధారణం. బ్రేక్ ఆయిల్‌కి గాలిలో తేమని పీల్చుకునే గుణం ఉంది, మార్చకుండా ఏళ్ళ తరబడి వదిలేస్తే ఆ తేమ ఇనుముని తినేస్తుంది. ఆయిల్ తగిలి నానిన షూలని ఉప్పుకాగితంతో రుద్ది వాడుకుందామని చూడకండి. వేడెక్కితే లోపలిది మళ్ళీ పైకొస్తుంది. ఒక పక్కవి తడిసినా రెండు పక్కలవీ మార్చాల్సిందే, లేకపోతే బ్రేక్ వేసినప్పుడు బండి పక్కకి లాగుతుంది.

ఇప్పుడు అసలు విషయం, స్ట్రట్. కొత్త షూలు వేసేటప్పుడు డ్రమ్ ఎక్కాలంటే ర్యాచెట్‌ని వెనక్కి, అంటే స్ట్రట్ అతి పొట్టిగా ఉండే స్థితికి తేవాలి. రాడ్డుకీ ర్యాచెట్‌కీ మధ్య స్క్రూడ్రైవర్ పెట్టి ర్యాచెట్‌ని కిందికి నొక్కితే అది జరుగుతుంది. మీ మెకానిక్ ఇది చేసే ఉంటాడు, చేయకపోతే కొత్త షూలమీద డ్రమ్ ఎక్కదు. ఆ తర్వాత ర్యాచెట్ మళ్ళీ పన్ను పన్నుగా పైకి రావాలి. తుప్పుతో పట్టేసినా, చిన్న స్ప్రింగు సాగిపోయినా, పళ్ళమీద గట్టిపడిన మురికి ఉన్నా రాదు. పాత షూలు ఉన్నప్పుడు ఎప్పుడో సర్దుకుని ఒకచోట నిలిచిపోయింది కాబట్టి దాని రోగం బయటపడలేదు. మొదటికి తెచ్చాక బయటపడింది. షూలు మార్చాకే పెడల్ దిగింది గనక షూలు నాసిరకమని మీరు అనుకోవడం సహజమే, కానీ ఇక్కడ షూల తప్పేమీ లేకపోవచ్చు.

స్ట్రట్‌ని బయటికి తీసి చేతిలో ఆడించి చూడండి. ర్యాచెట్ ఒక దిక్కుకి టిక్ టిక్ మంటూ పోవాలి, నొక్కితే తప్ప వెనక్కి రాకూడదు. బిర్రుగా ఉంటే డీజిల్‌లోనో కిరోసిన్‌లోనో నానబెట్టి ఇత్తడి బ్రష్‌తో పళ్ళ సందులు శుభ్రం చేయండి. ఇది ఇనుప భాగం వరకే. కిరోసిన్, పెట్రోల్, ఇంజన్ ఆయిల్ ఏదీ రబ్బర్లకి తగలకూడదు, ఉబ్బిపోతాయి. స్ట్రట్ పూర్తిగా ఆరాక, జిడ్డు పోయాకే బిగించాలి. పళ్ళ కొనలు గుండ్రంగా అరిగి, బలంగా నొక్కితే జారిపోతుంటే స్ట్రట్ మార్చాల్సిందే. ఆకురాయితో పళ్ళకి పదును పెడదామనేవాళ్ళని దగ్గరికి రానివ్వకండి. స్ప్రింగులు కూడా కొత్తవి వేయండి, వాటి ధర పెద్ద లెక్కలోది కాదు. నీలం రంగుకి తిరిగిన స్ప్రింగు ఎప్పుడో బాగా కాలిందని గుర్తు. రిటర్న్ స్ప్రింగు బలం తగ్గితే షూ వెనక్కి పూర్తిగా రాదు, చక్రం రాసుకుంటుంది.

పళ్ళమీద గ్రీజు దట్టించకండి. అందరూ మంచిదనుకుని చేసే పని ఇది. గ్రీజుకి లైనింగ్ పొడి అంటుకుని కొన్నాళ్ళకి ముద్దలా గట్టిపడుతుంది. చీమకుర్తి క్వారీల రోడ్లమీద తిరిగే బండ్లలో అయితే ఆ గ్రానైట్ పొడి గ్రీజుతో కలిసి ఉప్పుకాగితంలా పళ్ళని అరగదీస్తుంది. ర్యాచెట్ తిరిగే పిన్ను దగ్గర వేడికి కరగని బ్రేక్ గ్రీజు అంటీఅంటనట్టు రాస్తే చాలు, పళ్ళు పొడిగానే ఉండాలి.

బ్యాక్ ప్లేట్ మీద షూ అంచు ఆనుకుని జరిగే ఉబ్బెత్తు చోట్లు ఉంటాయి. వాటిని చాలామంది చూడనే చూడరు. ఏళ్ళ తరబడి షూ జరిగి జరిగి అక్కడ గాడి పడుతుంది. షూ ఆ గాడిలో చిక్కుకుని సరిగా విచ్చుకోదు, సరిగా వెనక్కీ రాదు. ర్యాచెట్ ఎంత బాగున్నా అప్పుడు పెడల్ ఒకరోజు పైన, ఒకరోజు కింద. గాడి సన్నగా ఉంటే ఆకురాయితో నున్నగా చేసి బ్రేక్ గ్రీజు పలచగా రాయండి. లోతుగా ఉంటే వెల్డింగ్ నింపి సాపు చేయించాలి. వెల్డింగ్‌కి ఏమైనా చోటుందంటే ఇక్కడే, అడ్జస్టర్ మీద కాదు.

అడ్జస్టర్‌కి వెల్డింగ్ పెడితే ఏమవుతుందని అడుగుతారేమో. స్ట్రట్ పొడవు ఆ రోజుకి సరిపోతుంది. లైనింగ్ అరిగేకొద్దీ పెడల్ దిగుతూ పోతుంది, దిగినప్పుడల్లా మళ్ళీ కేబుల్ బిగిస్తారు. చివరికి డ్రమ్ తీయాల్సి వచ్చినప్పుడు షూలు ముడుచుకోవు. ఫియట్ పద్మిని, పాత అంబాసిడర్‌లలో బ్రేకుని చేత్తో అడ్జస్ట్ చేసే ఏర్పాటు బయటే ఇచ్చారు, కొన్ని వేల కిలోమీటర్లకి ఒకసారి తిప్పుకునేవాళ్ళం. మారుతిలో ఆ ఏర్పాటు బయట లేదు. కాబట్టి లోపలిది బతికి ఉండాలి.

డ్రమ్ లోపలి అంచున గట్టులా ఒక మెట్టు కనిపిస్తే, షూ తాకిన చోటు అరిగి, తాకని చోటు మిగిలిందని. డ్రమ్ లేత్ మీద సాపు చేయించవచ్చు గానీ ఎంతదాకా అనేదానికి హద్దుంది. 800 డ్రమ్ లోపలి కొలత కొత్తలో 180 మిల్లీమీటర్లు, 182 దాటితే పనికిరాదు. డ్రమ్ మీదే గరిష్ఠ కొలత పోతపోసి ఉంటే దాన్నే నమ్మండి. రెండు డ్రములూ ఒకే కొలతకి సాపు చేయించాలి. లేత్‌వాళ్ళకి ఈ మాట ముందే చెప్పండి, లేకపోతే మచ్చ పోయేదాకా తీస్తూనే ఉంటారు.

బాగా పెద్దదైన డ్రమ్‌లో కొత్త షూ వేస్తే ఇంకో చిక్కు. షూ వంపు 180కి తగ్గట్టు ఉంటుంది, డ్రమ్ దానికంటే వెడల్పు. షూ మధ్యభాగం మాత్రమే తగులుతుంది, చివర్లు గాల్లో ఉంటాయి. పెడల్ తొక్కితే షూ కాస్త వంగి స్పాంజిలా అనిపిస్తుంది. గాలి చేరిందనుకుని ఎన్నిసార్లు బ్లీడింగ్ చేసినా పోదు. తెలుసుకోవడం సులువే. లైనింగ్ మీద సుద్దముక్కతో గీతలు గీసి, డ్రమ్ వేసి, కాస్త బ్రేక్ పెట్టి తిప్పి, తీసి చూడండి. సుద్ద ఎక్కడ చెరిగిందో అక్కడే తగులుతోంది. మధ్యలో మూడోవంతు మాత్రమే చెరిగితే డ్రమ్ మార్చడమో, షూలని ఆ వంపుకి గ్రైండింగ్ చేయించడమో చేయాలి.

బిగించే వరుస గురించి కాస్త పట్టింపుగా చెబుతాను. పెడల్ తొక్కి ర్యాచెట్‌ని సర్దడం, ఆ తర్వాత కేబుల్ బిగించడం, ఈ రెండు పనులు తారుమారైతే ఇంత శ్రమా వృథా. కేబుల్ పూర్తిగా వదులుగా ఉండగానే షూలు, స్ప్రింగులు వేయాలి. హ్యాండ్ బ్రేక్ లివర్ షూకి ఆనుకుని వెనక్కి పూర్తిగా వచ్చిందో లేదో కంటితో చూడాలి. డ్రమ్ లోపలి కొలత వెర్నియర్‌తో (సన్నటి కొలతలు తీసే పరికరం) తీసుకుని, షూల బయటి కొలత దానికంటే అర మిల్లీమీటరు తక్కువ ఉండేలా ర్యాచెట్‌ని చేత్తోనే ముందుకి తెచ్చిపెడితే తర్వాత పని తేలికవుతుంది. కంపెనీ పద్ధతిలో అయితే ర్యాచెట్ పూర్తిగా కిందికి నొక్కి డ్రమ్ వేసి మిగతాది పెడల్‌కి వదిలేస్తారు. నాకు ముందుగా దగ్గరికి తెచ్చుకోవడమే ఇష్టం. ర్యాచెట్ బాగుంటే రెండూ ఒకచోటికే చేరతాయి. డ్రమ్ వేసి, మధ్య నట్టుని మాన్యువల్లో ఉన్న టార్క్‌కి (బిగింపు బలానికి) బిగించి, కాటర్ పిన్ వేయండి. బేరింగుల మీద ఆడుతున్న డ్రమ్‌తో బ్రేక్ ఎప్పటికీ కుదరదు.

రెండు పక్కలా డ్రములు ఎక్కాక, గాలి తీయాల్సి ఉంటే తీశాక, ఇంజన్ ఆపి పెడల్‌ని 30 కిలోల బలంతో ఓ పదిసార్లు తొక్కండి. 30 కిలోలంటే ఎంతో తెలియకపోతే ఇంట్లో బరువు తూచే మిషన్‌ని గోడకి ఆనించి కాలితో నొక్కి చూడండి. అనుకున్నదానికంటే గట్టిగానే తొక్కాలి. మెల్లగా తడిమితే ర్యాచెట్ కదలదు. ఇంకొకరు వెనక చక్రం దగ్గర చెవి పెడితే టిక్ మన్న శబ్దం వినిపిస్తుంది. మొదట్లో వినిపించి, తర్వాత ఆగిపోవాలి. ఒక పక్క వినిపించి రెండో పక్క అసలు వినిపించకపోతే, పెడల్ బాగున్నట్టే అనిపించినా ఆ రెండో డ్రమ్ మళ్ళీ తీయండి. చక్రం చేత్తో తిప్పితే లోపల సన్నగా రాసుకున్న చప్పుడు వచ్చినా పర్వాలేదు, ఆగకుండా తిరగాలి.

ఇదంతా అయ్యాకే హ్యాండ్ బ్రేక్ కేబుల్. సీటు పక్కన ఉన్న హ్యాండ్ బ్రేక్‌ని గట్టిగా లాగితే ఐదారు పళ్ళకి, అంటే ఐదారు టిక్ శబ్దాలకి, పట్టుకునేలా నట్టు బిగించండి. తర్వాత పూర్తిగా దించి రెండు చక్రాలూ తేలిగ్గా తిరుగుతున్నాయో లేదో మళ్ళీ చూడండి. ఒకటి బిర్రుగా ఉంటే కేబుల్ ఎక్కువైంది, వెనక్కి తిప్పండి. కొన్ని నెలల తర్వాత హ్యాండ్ బ్రేక్ ఎనిమిదో తొమ్మిదో పళ్ళదాకా పోతోందంటే కేబుల్ సాగిందని వెంటనే అనుకోకండి, ముందు ర్యాచెట్ పనిచేస్తోందో లేదో చూడండి.

గాలి తీయడం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రం, అంటే మన బండ్లలో ఎడమ వెనకది, ముందు మొదలుపెట్టండి. డబ్బా మూత మీద రాసి ఉన్న రకం ఆయిలే పోయండి, మీ బండికి సాధారణంగా డాట్ 3. ఎప్పుడో మూత తీసి వదిలేసిన సీసాలోది వద్దు. కొత్త డాట్ 3 దాదాపు 205 డిగ్రీల దగ్గర మరుగుతుంది, తేమ పీల్చుకున్నది 140 దగ్గరే మరిగిపోతుంది. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కి దిగేటప్పుడు ఆ తేడా ప్రాణాలమీదికి వస్తుంది. ఆయిల్ పెయింట్ మీద పడితే వెంటనే నీళ్ళతో కడగండి.

ఘాట్ అన్నాను కాబట్టి ఇదీ వినండి. దిగేటప్పుడు రెండో గేరులో ఇంజన్ పట్టు మీద దిగాలి. అదేపనిగా బ్రేక్ మీద కాలు ఉంచితే డ్రమ్ వేడికి వ్యాకోచిస్తుంది, ర్యాచెట్ దాన్ని అరుగుదల అనుకుని ఒక పన్ను ముందుకి జరగవచ్చు. డ్రమ్ చల్లారి ముడుచుకున్నాక షూలు రాసుకుంటాయి. కొండ దిగగానే వేడి డ్రమ్ మీద హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి టీకి పోతే, చల్లారేసరికి డ్రమ్ షూలని ఇంకా బిగించి పట్టుకుంటుంది. బండిని గేరులో వదిలి చక్రం కింద రాయి పెట్టండి.

ఈశాన్య రుతుపవనాల కాలంలో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, బండి వాడకుండా నిలిపితే అప్పుడు కూడా హ్యాండ్ బ్రేక్ వేయకండి. తడి డ్రమ్‌కి షూలు తుప్పుతో అతుక్కుంటాయి. 2021 నవంబరులో పెన్నా వరదలో మునిగిన బండ్లకి ఇంజన్లు, సీట్లు బాగుచేయించుకున్నవాళ్ళలో కూడా వెనక డ్రములు విప్పించినవాళ్ళు తక్కువ. ఆ బండ్లలో ర్యాచెట్లు ఆ తర్వాత చాలా కాలానికి మొరాయించాయి. మీది వరదలో మునగకపోయినా, గుంటల మీద నుంచి వచ్చినప్పుడల్లా చక్రాల వెనక మంచినీళ్ళు కొట్టి, ఇంటికి చేరేలోపు రెండుమూడుసార్లు బ్రేక్ వేసి ఆరబెట్టుకుంటే మంచిది.

సామాన్ల విషయం. 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయినా వెనక బ్రేక్ సామాన్లకి ఇప్పటికీ కరువు లేదు. కౌంటర్లో మోడల్ పేరు చెప్పి తెచ్చుకోకుండా పాత స్ట్రట్, పాత షూ సంచిలో వేసుకుపోయి పక్కన పెట్టి పోల్చండి. ఎడమ స్ట్రట్, కుడి స్ట్రట్ వేరువేరు, రెండూ ఒకే పెట్టెలో కలిపేసి ఉంటాయి. షూలో హ్యాండ్ బ్రేక్ లివర్ పిన్నుకి ఉండే చిన్న క్లిప్పు పాతది విప్పితే వదులైపోతుంది, అవి నాలుగు అదనంగా తెచ్చుకోండి. ఎడమ కేబుల్ మాత్రం ఇప్పుడే కొనకండి. నిపుల్ తెరిచి చూశాక కేబుల్ కొనాలో హోస్ కొనాలో తేలుతుంది.